బతికినవాటి రక్తం

మొదటి నక్కను నేను ప్రాణంతో చూడలేదు. దారి పక్కన చనిపోయి పడి ఉంటే అటవీ సిబ్బంది సంచిలో చుట్టి తెచ్చి, పాడైపోకూడదన్న మంచి ఉద్దేశంతో ఫ్రీజర్‌లో పెట్టారు. నేను వెళ్లేసరికి రాయిలా గడ్డకట్టి ఉంది. అది కరగడానికి ఒక రోజంతా పట్టింది. కోసి చూస్తే ఊపిరితిత్తులు ముదురు ఎరుపులో ఉన్నాయి. ముక్కు రంధ్రాల దగ్గర చీమిడి ఎండి అంటుకుని ఉంది. చావుకు కారణం దొరికిందనే అనుకున్నాను. కొన్నాళ్లకు ల్యాబ్ నుంచి నివేదిక వచ్చింది. కణజాలం గడ్డకట్టి కరిగినందువల్ల కణాలు చితికిపోయాయి, సూక్ష్మదర్శిని కింద ఏమీ నిర్ధారించలేము అని అందులో ఉంది.

నీరు మంచుగా మారేటప్పుడు ఏర్పడే స్ఫటికాలు కణాల పొరలను చీల్చేస్తాయి. అందుకే శవపరీక్ష చేయాల్సిన జంతువును చల్లగా ఉంచాలి గాని గడ్డకట్టనివ్వకూడదు. ఒకటి రెండు రోజుల్లో కోసే అవకాశం బొత్తిగా లేనప్పుడే ఫ్రీజర్‌లో పెట్టాలి. నేను పశువైద్యుణ్ణి, ఇది నాకు తెలుసు. కానీ జంతువు మొదట చేరేది నా దగ్గరకు కాదు. చేరే చోట ఉన్నవాళ్లకు ఆ ముక్క ముందే చెప్పి ఉండాల్సింది. ఆ నక్క చావు వృథా అయిందన్న బాధ చాలా కాలం నన్ను వదల్లేదు.

గడ్డకట్టిన కణజాలం పీసీఆర్ పరీక్షకు మాత్రం పనికొస్తుంది. అందులో కుక్కలకు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఉన్నట్టు తేలింది, నేను భయపడ్డ డిస్టెంపర్ అనే మరో వైరస్ లేదు. అంటే పార్వో చంపిందా? ఆ మాట చెప్పలేం. ఒంట్లో వైరస్ ఉండటం వేరు, ఆ వైరస్సే ప్రాణం తీయడం వేరు. బండి తగిలినా ఊపిరితిత్తులు అలాగే ఎర్రబడతాయి.

అంతకుముందు నేను ఎనిమిదేళ్లు పెంపుడు కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేశాను. కెనైన్ డిస్టెంపర్‌తో చనిపోయే కుక్కపిల్లలను ఎన్నింటినో చేతుల్లో పట్టుకున్నాను. కళ్ల వెంట పుసి, దగ్గు, వాంతులు, తర్వాత దవడ ఆగకుండా కొట్టుకోవడం, చివరికి మూర్ఛలు. అది తట్టు రోగానికి దగ్గరి చుట్టమైన వైరస్. ఇదే వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహాలను చంపిందని చదివిన రోజున నిద్రపట్టలేదు. అక్కడ సుమారు మూడో వంతు సింహాలు, అంటే దాదాపు వెయ్యి, కొద్ది నెలల్లో పోయాయి. పిల్లి జాతికి ఈ రోగంతో పెద్ద ముప్పు లేదని అంతకుముందు వరకూ చాలామంది నమ్మారు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలోనూ ఇదే వైరస్ కనబడింది. ఒక అడవిలో వేటాడే జంతువుల మీద ఏళ్ల తరబడి అధ్యయనం చేస్తున్న బృందం రోగాల పని కోసం పశువైద్యుణ్ణి వెతుకుతోందని తెలిసి దరఖాస్తు చేశాను. బృందానికి పెద్ద ఒక జీవావరణ శాస్త్రవేత్త. అందరం ఆమెను మేడమ్ అనే పిలిచేవాళ్లం.

చేరిన వారంలోనే రేబిస్ టీకాలు వేయించుకున్నాను. అవి లేకుండా ఈ పనిలో ఎవరూ చేయి పెట్టకూడదు. డిస్టెంపర్ మెదడుకు ఎక్కిన నక్కకూ రేబిస్ వచ్చిన నక్కకూ బయటినుంచి తేడా చెప్పడం అసాధ్యం. రెండూ మనుషులంటే భయం మరిచిపోతాయి, తూలుతూ నడుస్తాయి. రష్యా తూర్పు కొసన 2003లో ఒక ఆడ పులి పోక్రోవ్కా అనే గ్రామంలోకి అలా భయం లేకుండా నడుచుకుంటూ వచ్చింది. దానికి డిస్టెంపర్ అని తర్వాత పరీక్షల్లో తేలింది.

ఫ్రీజర్ నక్క తర్వాత నేర్చుకున్న పద్ధతిని ఇప్పుడు కళ్లు మూసుకుని చేయగలను. రేబిస్ కోసం మెదడు కాండం, చిన్న మెదడు విడిగా తీసి పెట్టాలి. ఊపిరితిత్తి, ప్లీహం, శోషరస గ్రంథులు, పేగు, మూత్రాశయం ఇవన్నీ రెండేసి ముక్కలు. డిస్టెంపర్ ఆనవాళ్లు మూత్రాశయం లోపలి పొరలో బాగా కనబడతాయి, కొత్తవాళ్లు దాన్నే మరిచిపోతారు. ఒక ముక్క ఫార్మలిన్‌లోకి. అది సెంటీమీటరు కన్నా మందం ఉండకూడదు, ఉంటే మందు లోపలికి ఇంకేలోపు మధ్యభాగం కుళ్లిపోతుంది. ముక్క పరిమాణానికి పదింతలు ఫార్మలిన్ పోయాలి. రెండో ముక్క మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది, ఆ తర్వాత చేతిలో మిగిలేది పేరు లేని మాంసం ముక్క.

కానీ అడవిలో చనిపోయిన వేటజంతువు దొరకడమే అరుదు. జబ్బు పడ్డది పొదల్లోకో బొరియలోకో చేరి అక్కడే కన్నుమూస్తుంది. రెండు మూడు రోజుల్లో మిగిలినవాటికి ఆహారమైపోతుంది. కనుక మా పని ప్రధానంగా బతికున్నవాటి రక్తంతోనే.

నక్కలకు రేడియో కాలర్లు తొడగడానికి బృందం ఎలాగూ వాటిని పట్టుకునేది. మత్తులో ఉండే ఆ కొద్ది సమయంలోనే నా పనీ పూర్తి చేయాలి. మొదటిసారి నా చేతులు వణికాయి. క్లినిక్‌లో కుక్క నన్ను ఎరుగును, యజమాని పక్కనే ఉంటాడు. ఇక్కడ నా ముందున్న ప్రాణి నన్ను చూసి ఉంటే పారిపోయేది. దాని ఒళ్లు ఇలా తాకే హక్కు నాకు ఎవరిచ్చారన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. అందుకే ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదని పట్టుదల. కెటమిన్ మత్తులో జంతువు కళ్లు మూయదు, కాబట్టి ముందుగా కళ్లలో మందు రాసి, గుడ్డ కప్పాలి. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస ఒకరు నిమిషాలు చూస్తూ రాస్తారు. ముందుకాలి సిరనుంచి రక్తం రెండు గొట్టాల్లోకి: ఎర్రమూత గొట్టంలో గడ్డకట్టి పైన తేరే ద్రవం, అంటే సీరం, రావాలి, ఊదామూత దాంట్లో గడ్డకట్టకుండా ఉండాలి. ముక్కు నుంచి, కంటి పొర నుంచి స్వాబ్‌లు. గోమార్లు స్పిరిట్‌లోకి. ఒక రక్తపు చుక్క గాజు పలక మీద పలుచగా పరిచి అక్కడికక్కడే ఆరబెట్టడం. పళ్ల అరుగుదల చూసి వయసు అంచనా. ఈ చివరిది నేను మొదట్లో తేలిగ్గా తీసుకున్నాను. మొత్తం కథ దాని మీదే నిలబడుతుందని అప్పుడు తెలియదు.

గోమార్ల గురించి ఒక మాట. సెరెంగెటి సింహాల నిల్వ రక్తాన్ని తర్వాత పరీక్షించినవాళ్లు ఒక వింత గమనించారు. డిస్టెంపర్ ఆ సింహాల్లోకి చాలాసార్లు వచ్చిపోయింది, కానీ గుంపులు గుంపులుగా చచ్చింది 1994లోనూ, 2001లో పక్కనున్న న్గోరొంగోరోలోనూ. ఆ రెండుసార్లూ ముందు తీవ్రమైన కరువు వచ్చింది. అడవి గేదెలు బక్కచిక్కి గోమార్లతో నిండిపోయాయి. వాటిని తిన్న సింహాలకు గోమార్లు ఎక్కాయి, వాటి ద్వారా బాబెసియా అనే రక్తపు పరాన్నజీవి విపరీతంగా పెరిగింది. అదే సమయంలో డిస్టెంపర్ వచ్చి రోగనిరోధక శక్తిని కూల్చింది. వానలు సరిగ్గా పడ్డ ఏళ్లలో అదే వైరస్ ఎవరికీ తెలియకుండా వచ్చి వెళ్లిపోయింది. ఈ సంగతి చదివాక గాజు పలక మీద రక్తపు చుక్క పరిచే పనిని ఎంత అలసిపోయినా మానలేదు.

సీరం తీయడంలోనూ దెబ్బ తిన్నాను. తొలి విడతలో గొట్టాలను పెట్టెలో అడ్డంగా పడేసి గతుకుల దారిలో తెచ్చాను. ఎర్రకణాలు చితికి సీరం గులాబీ రంగుకు తిరిగింది. ఆ తర్వాత గొట్టాలను నిలబెట్టి, రక్తం గడ్డకట్టేవరకూ కదపకుండా ఉంచి, బండి బ్యాటరీతో తిరిగే చిన్న సెంట్రిఫ్యూజ్‌తో అక్కడే సీరం వేరుచేయడం మొదలుపెట్టాం.

కుక్కల కోసం తయారైన తక్షణ కిట్లను అడవి జంతువుల మీద వాడితే ఫలితాన్ని నమ్మలేం, చాలా కిట్లు కుక్క యాంటీబాడీలనే గుర్తుపట్టేలా చేసినవి. మా సీరం నమూనాలకు తటస్థీకరణ పరీక్ష చేయించాం. సీరాన్ని రెట్టింపు రెట్టింపుగా పలుచన చేస్తూ, ప్రతి మోతాదుకూ వైరస్ కలిపి, పెంచిన కణాల మీద పోస్తారు. ఎంత పలుచన చేసినా కణాలు చావకుండా కాపాడగలిగితే యాంటీబాడీలు అంత ఎక్కువ ఉన్నట్టు. ఏ జంతువు రక్తమైనా దీనికి ఒకటే. నా గులాబీ రంగు సీరం మాత్రం కణాలకే విషమైంది, ఆ విడత నమూనాలు చాలావరకు పోయాయి.

ఫలితాలు వచ్చిన రోజు నాకు గుర్తుంది. డిస్టెంపర్ గడిలో పాజిటివ్, పాజిటివ్, పాజిటివ్. క్లినిక్‌లో ఎనిమిదేళ్లు పాజిటివ్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఒకటే, ఈ కుక్కకు జబ్బు ఉంది. గుండె జారిపోయింది. వెంటనే మేడమ్ గదికి వెళ్లి, అడవి నిండా డిస్టెంపర్ ఉంది, ఆలస్యం చేస్తే చిరుతలు కూడా మిగలవు అన్నాను. ఆమె కాగితం చూసి, కుర్చీ చూపించి, నెమ్మదిగా అడిగింది.

“ఇవి ఏ నక్కల రక్తమండీ?”

“మనం పట్టుకున్నవాటిదే మేడమ్.”

“అంటే మన బోనులోకి నడుచుకుంటూ వచ్చినవి. జబ్బు చేసి చచ్చిపోయినవి రాలేదు కదా. మీరు చూస్తున్నది రోగాన్ని కాదు, రోగం నుంచి బయటపడ్డవాటిని. ఇవి చాలా ఉన్నాయంటే రోగం మెత్తనిదని కూడా అర్థం కావచ్చు. కొన్నే ఉన్నాయంటే రోగం రాలేదనీ కావచ్చు, వచ్చి దొరికినవాటినల్లా చంపేసిందనీ కావచ్చు.”

నేను ఆ రాత్రంతా దాని మీదే కూర్చున్నాను. యాంటీబాడీ అంటే గెలిచిన పోరాటం మిగిల్చిన మచ్చ. మచ్చలు లెక్కపెట్టి ఎంతమంది చచ్చారో చెప్పలేం. వంద నక్కల్లో పది బతికి, ఆ పదీ నా చేతికి చిక్కితే కాగితం మీద నూటికి నూరు పాజిటివ్. మందకు ఒక్క ముప్పూ జరగకుండా అన్నీ దగ్గి తేరుకున్నా నూటికి నూరు పాజిటివ్. ఒకే అంకె, రెండు వేరు వేరు అడవులు. వైద్యుడిగా నా ముందు ఎప్పుడూ ఒక జంతువు ఉండేది, దాని గురించే అడిగేవాణ్ణి. జంతువుల గుంపు మొత్తం ఆరోగ్యం గురించి ఎలా అడగాలో నాకు అసలు తెలియదని ఆ రాత్రి ఒప్పుకున్నాను.

మర్నాడు మేడమ్ చెప్పిన పని ఒకటే: ఫలితాలను వయసుల వారీగా పేర్చమని. పళ్లు అరిగిన పెద్ద నక్కల్లో డిస్టెంపర్ యాంటీబాడీలు ఉన్నాయి. రెండేళ్లలోపువాటిలో ఒక్కదానికీ లేవు. పార్వోకు మాత్రం ఏడాది నిండిన నక్క నుంచి ముసలి నక్క వరకు దాదాపు అన్నింటిలో ఉన్నాయి. బాగా చిన్న పిల్లలను లెక్కలోంచి తీసేశాం, తల్లి పాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు వాటిలో కొన్ని వారాలు నిలుస్తాయి కనుక.

ఆ రెండు వరుసల మధ్య తేడా చూసినప్పుడు నాకు కలిగింది ఆనందమే, దాచుకోను. పార్వో మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది, ఆ అడవిలో దాని ఇల్లు ఉంది, పుట్టిన ప్రతి పిల్లా దాన్ని ఎదుర్కొంటోంది. డిస్టెంపర్ అలా కాదు. బయట ఎండకూ సబ్బునీటికీ ఇట్టే నశించిపోయే వైరస్ అది. ఒక ఊపిరి నుంచి మరో ఊపిరికి దూకుతూనే ఉండాలి. అంతకుముందు సోకని జంతువులు అయిపోగానే అది ఆరిపోతుంది. మా అడవిలో ఎప్పుడో కొన్నేళ్ల కిందట వచ్చి, కాలి, ఆరిపోయింది. ఇప్పుడు అక్కడ పెరుగుతున్న కుర్ర నక్కలకు దాని రుచి తెలియదు. నా తొలి భయం తప్పు, వైరస్ అడవి నిండా లేదు. కానీ మళ్లీ వస్తే అడ్డుకునే శక్తి ఆ కొత్త తరంలో లేదు. ముప్పు పాజిటివ్ గడుల్లో కాకుండా నెగటివ్ గడుల్లో ఉంది.

ఎప్పుడు వచ్చింది, ఎంత తీసుకుపోయింది? దానికి జవాబు మా ఫ్రీజర్ అడుగున దొరికింది. నాకన్నా ముందు కాలర్లు వేసినవాళ్లు, ఏ పరీక్షకూ అని కాకుండానే, ప్రతి జంతువు సీరం ఒక గొట్టంలో అదనంగా దాచారు. మంచు గీకితే చీటీల మీద పెన్సిల్ రాత చెక్కుచెదరకుండా ఉంది, తేదీ, బరువు, ఆడ మగ. వాటినీ పంపించాం. మొదటి ఏళ్ల రక్తంలో డిస్టెంపర్ జాడ లేదు. ఆ తర్వాతి ఒక ఏడాది నుంచి పెద్దవాటిలో ఉంది. ఆ ఏడాది కెమెరా ఫొటోల లెక్క తీసి చూశాం. నక్కల ఫొటోలు ఒక్కసారిగా పడిపోయాయి, పిల్లల ఫొటోలు దాదాపు లేవు. నివేదికలో కెమెరాలు పెట్టిన చోట్లు బాగాలేవని రాసి ఉంది. ఆ అడవిలో మనుషులు రోజూ తిరుగుతున్నారు, చుట్టూ కెమెరాలున్నాయి. అయినా అంత పెద్ద చావు ఎవరి కంటా పడలేదు.

ఫలితాలు బయటికి తెలిశాక చర్చంతా టీకాల మీదికి వెళ్లింది. చుట్టూ ఉన్న కుక్కలకు టీకా వేస్తే సరిపోదా అని అడిగారు. రేబిస్‌కు అది గట్టి మార్గం, కుక్కల్లో 70 శాతానికి టీకా అందితే వ్యాప్తి ఆగుతుంది. డిస్టెంపర్‌కు లెక్క అంత సూటిగా లేదు. సెరెంగెటి చుట్టూ కుక్కలకు ఏళ్ల పాటు టీకాలు వేశాక కుక్కల్లో రోగం తగ్గింది గాని సింహాలకు సోకడం ఆగలేదు, వేరే అడవి జంతువుల్లో కూడా వైరస్ తిరుగుతోంది కనుక. రష్యా తూర్పు కొసన ఉండే అముర్ పులుల విషయంలో 2020లో వచ్చిన పరిశోధన కూడా కుక్కల కన్నా అడవి జంతువులే ప్రధాన మూలమని చూపింది. అక్కడ కుక్కలకు వేసే టీకాలకన్నా కొన్ని పులులకు నేరుగా వేసే టీకాయే ఎక్కువ మేలు చేస్తుందని వాళ్ల అంచనా.

మరి నేరుగా వేసేద్దామా అంటే, కుక్కలకు వాడే బలహీనపరచిన జీవ వైరస్ టీకా కొన్ని అడవి జాతుల్లో జబ్బునే తెస్తుంది. 1970ల మొదట్లో అమెరికాలో ముంగిసను పోలిన చిన్న వేటజంతువులైన నల్లకాళ్ల ఫెరెట్లకు ఆ టీకా వేస్తే ఆరింటిలో నాలుగు అదే డిస్టెంపర్‌తో చనిపోయాయి. అప్పటికే ప్రపంచంలో అతి కొద్దిగా మిగిలిన జాతి అది. తర్వాత వయోమింగ్‌లో దొరికిన చివరి గుంపులోకి 1985లో సహజంగా డిస్టెంపర్ వచ్చింది. మిగిలిన 18 ఫెరెట్లను 1987కల్లా పట్టుకుని పెంచారు, ఇవాళ బతికున్న నల్లకాళ్ల ఫెరెట్లు దాదాపు అన్నీ వాటి సంతానమే. డిస్టెంపర్ వైరస్ మొత్తం కాకుండా, దాని కొన్ని ప్రొటీన్ల జన్యువులను మాత్రమే హానిలేని మరో వైరస్ మోసుకొచ్చే టీకా తర్వాత వచ్చింది, అది చాలా భద్రమైనది.

నక్కలకు టీకా వద్దని నేను వాదించాను. అవి వేలల్లో ఉండి, ఏటా పిల్లలు కని, పోయిన సంఖ్యను కొన్నేళ్లలో పూడ్చుకుంటాయి. మా పాత ఫొటోల లెక్కే దానికి సాక్ష్యం, మూడో ఏటికల్లా అవి తిరిగి లేచాయి. చిరుతల సంగతి అలా కాదు. అవి కొన్నే ఉన్నాయి, నెమ్మదిగా కంటాయి, ఒక చిన్న గుంపులోంచి నాలుగు ఆడవి పోతే కోలుకోవడం కష్టం. రోగం ఒకటే, నక్కల్లో అది గాయం, చిరుతల్లో అది అంతం కావచ్చు. నక్కల్లో వైరస్ మళ్లీ వచ్చిన జాడ దొరికిన వెంటనే, చికిత్సకో కాలర్‌కో మత్తిచ్చిన ప్రతి చిరుతకూ ఆ భద్రమైన టీకా వేయాలని ప్రతిపాదించాను. సగం మంది ఒప్పుకున్నారు. ఏ ఆపదా లేనప్పుడు ఆపద కోసం ఖర్చు పెట్టమనడం కష్టం. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

అందుకే ఇప్పుడు నా కళ్లు కుర్ర నక్కల మీద ఉన్నాయి. ప్రతి విడతలో ఏడాది రెండేళ్లవాటి సీరం విడిగా, ముందుగా పంపిస్తాం. వాటిలో ఒక్కదానిలో డిస్టెంపర్ యాంటీబాడీ కనబడినా వైరస్ తిరిగి వచ్చినట్టే. కిందటి వారం వచ్చిన జాబితాలో అన్నీ నెగటివ్. ఒకప్పుడు ఆ మాట చూస్తే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

ఆ విడతలో ఒక ముసలి ఆడ నక్క రెండోసారి చిక్కింది. మూడేళ్ల కిందట నేను వణికే చేతులతో రక్తం తీసింది దానినుంచే, చెవి మచ్చ గుర్తుపట్టాను. కోర పళ్లు మొదళ్ల వరకు అరిగిపోయాయి, యాంటీబాడీలు ఇంకా అంతే బలంగా ఉన్నాయి. దాని సీరం నాలుగు గొట్టాల్లో పోశాను. రెండు ల్యాబ్‌కు. మిగతా రెండింటి మీద పెన్సిల్‌తో తేదీ, వయసు, ఆడ అని రాసి, పాత గొట్టాలున్న పెట్టెలోనే ఫ్రీజర్ అడుగున పెట్టాను.